చేతులు మారిన బండ్లు



పోయిన సంచిక అందిన తరువాత దెగ్లూరు నుంచి ఒక తల్లి మన సంఘానికి ఉత్తరం రాశారు. "మా అబ్బాయి ఐ.టి.ఐ. చేసి, స్కూలు బస్సులకూ అంబులెన్సులకూ బాడీలు కట్టే కంపెనీలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆ కంపెనీని ఇప్పుడు ఇంకెవరో కొన్నారట. కామారెడ్డి సంబంధం మాటల్లో ఉండగా ఈ కబురు వచ్చింది. ఉద్యోగం ఉంటుందా, పోతుందా? అమ్మాయి వాళ్ళకు ఏం చెప్పమంటారు?" అని అడిగారు. కంపెనీ పేరు కూడా రాశారు గాని, ఆ పేరు ఇక్కడ అచ్చు వేయడం లేదు.

నాందేడ్ కొత్త మోండాలో ముప్ఫై ఏళ్ళు బండ్ల స్పేర్ పార్టులు అమ్మినవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది. జవాబు ఒక్క ముక్కలో చెప్పేది కాదు. మనందరికీ తెలిసిన బండ్ల కథ ఒకటి చెప్పి, ఆ తరువాత ఆ తల్లి ప్రశ్న దగ్గరికి వస్తాను.

మన తెలంగాణ బంధువుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు గమనించే ఉంటారు. పెళ్ళి సామాను తేవాలన్నా, జాతరకు పోవాలన్నా "డీసీఎం మాట్లాడుదాం" అంటారు. టాటావారి బండి అయినా డీసీఎమ్మే, ఐషర్ అయినా డీసీఎమ్మే. పేపర్లలో కూడా "డీసీఎం వ్యాను బోల్తా" అని రాస్తారు. ఇంతకీ డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. 1889లో పుట్టిన బట్టల మిల్లు అది. ఆ మిల్లు కంపెనీ 1980లలో జపాన్ టయోటాతో కలిసి "డీసీఎం టయోటా" అనే చిన్న లారీని తెచ్చింది. ఆ కంపెనీ పోయి పాతికేళ్ళు దాటుతున్నా పేరు మాత్రం మన నోళ్ళలో ఉండిపోయింది. దుకాణంలో ఎవరైనా "డీసీఎం బ్రేక్ షూ ఇవ్వండి" అంటే, "ఏ కంపెనీ డీసీఎం?" అని అడగవలసి వచ్చేది!

ఆ రోజుల్లో జపాన్ సహకారంతో నాలుగు చిన్న లారీలు మన దేశంలో దిగాయి. ఉత్తరప్రదేశ్ సూరజ్‌పూర్‌లో డీసీఎం టయోటా, పంజాబులో స్వరాజ్ మాజ్డా, మధ్యప్రదేశ్ పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, మన జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్. నాలుగూ మంచి బండ్లే. నున్నగా నడిచేవి, డీజిలు తక్కువ తాగేవి. అయితే 1985 తరువాత జపాన్ యెన్ విలువ బాగా పెరిగింది. అక్కడి నుంచి తెప్పించే భాగాల ఖరీదు కూడా దానితోపాటే పెరిగింది. ఇంతలో 1986లో టాటావారు 407 దించారు. సొంత తయారీ, ఊరూరా మెకానిక్కు, ఎక్కడైనా దొరికే పార్టు. ఉన్న కాస్త మార్కెట్టును అంతమంది పంచుకోవడం ఎలా? నాలుగు కంపెనీలూ ఏదో ఒక దారి వెతుక్కోక తప్పలేదు.

మనకు దగ్గరిది కనుక జహీరాబాదు కథే ముందు చెబుతాను. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ 1942లో అల్లాదీన్ కుటుంబం కంపెనీ, నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ కలిసి పెట్టినది. మన నాందేడ్ ఉస్మాన్‌షాహీ మిల్లులోనూ ఆ ఫండు డబ్బే ఉండేది. అప్పుడు నాందేడ్, జహీరాబాదు ఒకే సంస్థానంలోవి కదా! మిల్లు తరువాత నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్ళి, చివరికి మూతపడింది. ఆల్విన్ దారి వేరుగా సాగింది. బస్సు బాడీలు కట్టింది. హైదరాబాదు డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు దాని పనితనమే. బీరువాలు, ఫ్రిజ్‌లు, వాచీలు చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ కూడా అయింది. మన ఇళ్ళలో ఆల్విన్ ఫ్రిజ్ ఒక తరానికి గౌరవ చిహ్నం.

నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో పెట్టిన లారీల కంపెనీ 1989లో మహీంద్రావారి చేతికి వెళ్ళింది. పేరు "మహీంద్రా నిస్సాన్ ఆల్విన్" అయింది. 1990ల మధ్యలో అది మహీంద్రా అండ్ మహీంద్రాలో పూర్తిగా కలిసిపోయింది. ఆ దశకంలోనే అసలు ఆల్విన్ కూడా ముక్కలయింది. ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్‌కు వెళ్ళింది, వాచీల విభాగం మూతపడింది. హైదరాబాదులో ఇప్పుడు ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా అనే పేర్లే మిగిలాయి.

కాని జహీరాబాదు గేటు తెరిచే ఉంది. జీపులు చేసుకునే కంపెనీకి లారీలు చేయడం తెలిసిన కార్మికులతో సహా సిద్ధంగా ఉన్న కర్మాగారం దొరికింది. నిస్సాన్ లారీ పోయాక చిన్న లారీలు, ఆ తరువాత ఆటోలు చేశారు. 2013లో అక్కడే ఏటా లక్ష ట్రాక్టర్లు చేయగల కొత్త ఫ్యాక్టరీ తెరిచారు. ఇప్పుడు కరెంటు ఆటోలు కూడా అక్కడ తయారవుతున్నాయి. పెట్టినవాడి పేరు పోయింది, మొదటి బండి పోయింది. షిఫ్టు సైరను మాత్రం ఆగలేదు.

డీసీఎం టయోటా గతి అలా కాలేదు. 1994లో కొరియా దేశపు దేవూ దాన్ని తీసుకుంది. దేవూకు కావలసింది కార్లు. అదే చోట సియెలో కారు తయారుచేసింది, లారీ వెనకబడింది. కొద్ది ఏళ్ళకే కొరియాలో దేవూ దివాలా తీయడంతో సూరజ్‌పూర్ కార్మికులు రోడ్డున పడ్డారు. కొన్న కంపెనీ పెద్దదైతే చాలు అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఐషర్‌వారిది మూడో రకం. 1959లో ట్రాక్టరుతో పుట్టిన కంపెనీ అది. 1990లలో ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిళ్ళను కలుపుకున్నారు. ఆ తరువాత చేతిలో వ్యాపారాలు ఎక్కువయ్యాయని గ్రహించి ఒక్కొక్కటీ వదులుకున్నారు. 2005లో పుట్టుక తెచ్చిన ట్రాక్టర్ల వ్యాపారాన్నే చెన్నై టాఫేవారికి అమ్మేశారు! లారీలు, బుల్లెట్లు ఉంచుకున్నారు. 2008లో లారీల కోసం వోల్వోతో చేయి కలిపారు. అమ్మకం అంటే ఓటమి అనుకుంటాం గాని, రెండు ఎకరాలు అమ్మి మిగతా ఎనిమిదింటికి బోరు వేయించుకున్న రైతు లాంటివారు వీరు.

ఇక స్వరాజ్ మాజ్డా. దాన్ని మొదలుపెట్టిన పంజాబ్ ట్రాక్టర్స్ వాటాలు విడతలుగా జపాన్ సుమిటోమోకు వెళ్ళాయి. ఆ పంజాబ్ ట్రాక్టర్స్‌ను 2007లో మహీంద్రావారు కొన్నారు. లారీల కంపెనీ 2011లో "ఎస్.ఎం.ఎల్. ఇసుజు" అని పేరు మార్చుకుంది. స్కూలు బస్సులు, అంబులెన్సులు దాని ప్రత్యేకత. 2025 ఏప్రిల్‌లో దానిలో 58.96 శాతం వాటాను 555 కోట్లకు కొంటున్నట్టు మహీంద్రావారు ప్రకటించారు, ఆగస్టుకు ఆ పని పూర్తయింది. మూడున్నర టన్నులు మించిన బండ్ల మార్కెట్టులో తమకున్న 3 శాతం భాగం దీనితో 6 అవుతుందని వారి లెక్క. అంటే నాటి నాలుగు జపాన్ లారీలలో రెండింటి వారసత్వం ఒకే ఇంటికి చేరింది.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వస్తాను. అమ్మా, ఈ నాలుగు కథలను పక్కపక్కన పెట్టి చూస్తే మీ అబ్బాయిని అడగవలసిన ప్రశ్నలు మూడు కనిపిస్తాయి.

మొదటిది, కొన్నవారు ఏం కొన్నారు? కంపెనీ వాటాలే కొంటే, కాగితాల మీద యజమాని మారడు. ఆ కంపెనీయే జీతం ఇస్తుంది, పాత సర్వీసు అలాగే సాగుతుంది. అలా కాక ఒక ఫ్యాక్టరీనో, ఒక విభాగాన్నో విడదీసి కొంటే యజమాని మారినట్టే. అప్పుడు సర్వీసు తెగకుండా, పాతవాటికి తగ్గని షరతులతో కొత్తవారు పనిలో ఉంచుకోవాలి. లేకపోతే కార్మికుడికి పరిహారం ఇవ్వాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ రక్షణ, 2025 నవంబరు 21 నుంచి అమలైన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది.

రెండోది, అదే సరుకు చేసే ఫ్యాక్టరీ కొన్నవారికి ఇంకొకటి ఉందా? ఉంటే రెండిట్లో ఒకటి తగ్గవచ్చు. లేకపోతే మీ అబ్బాయి చేతిలో ఉన్న పని కోసమే వారు వచ్చారన్నమాట.

మూడోది, షెడ్డులోకి కొత్త పని వస్తోందా? కొత్త అచ్చులు, కొత్త యంత్రాలు, శిక్షణ తరగతులు కనబడితే ధైర్యంగా ఉండవచ్చు. స్థలం కొలిచేవాళ్ళే ఎక్కువగా తిరుగుతుంటే జాగ్రత్త పడాలి.

వీటికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. అబ్బాయి కంపెనీ రోలు మీద ఉన్నాడా, కాంట్రాక్టరు కింద ఉన్నాడా? నేను పైన చెప్పిన భరోసా కంపెనీ రోలు మీద ఉన్నవారికి. కాంట్రాక్టరు మనుషులకు యజమాని కాంట్రాక్టరే కాబట్టి, కంపెనీ చేతులు మారినప్పుడు ముందు కదిలేది వాళ్ళే. మన పిల్లలలో చాలామంది "ఫలానా కంపెనీలో ఉద్యోగం" అంటారు గాని, జీతం చీటీ మీద ఉన్న పేరు చూసుకోరు. ఈ రోజే చూడమనండి. నియామక పత్రం, జీతం చీటీలు, పి.ఎఫ్. నంబరు, ఇ.ఎస్.ఐ. కార్డు ఒక ఫైలులో పెట్టించండి. బోర్డు మారే రోజున ఆ ఫైలే అతని తరఫున మాట్లాడుతుంది.

సంబంధం సంగతి. అమ్మాయి వాళ్ళ దగ్గర దాచవద్దు. కంపెనీ చేతులు మారిందని మీరే ముందుగా చెప్పండి, పై మూడు ప్రశ్నలకు దొరికిన జవాబులు కూడా చెప్పండి. రేపు ఇంకొకరి నోట వింటే అది మోసంలా కనిపిస్తుంది, మీరు చెబితే నమ్మకంగా ఉంటుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పవచ్చు. రేకు వంచడం, వెల్డింగు పట్టడం, అంబులెన్సులో ఆక్సిజను గొట్టం లీకు లేకుండా బిగించడం వచ్చిన పిల్లవాడికి బస్సు బాడీల పని చకాన్ నుంచి పటాన్‌చెరు దాకా ఉంది. నాలుగేళ్ళ పనితనం ఏ అమ్మకంలోనూ పోయేది కాదు.

జహీరాబాదులోనో, నాందేడ్ మిల్లులోనో మీ ఇంటి పెద్దలు పనిచేసి ఉంటే ఆ అనుభవాలు సంఘం చిరునామాకు రాసి పంపండి. యజమాని మారిన నాడు వాళ్ళు ఏం చేశారో, ఏ కాగితం అక్కరకు వచ్చిందో రాస్తే వచ్చే సంచికలో వేస్తాం. అది చదివి ధైర్యం తెచ్చుకునే ఇళ్ళు మనలో చాలానే ఉన్నాయి.

ఉంటాను మరి.