ముందు విందాం, తర్వాత ప్రార్థిద్దాం

మార్కు సువార్త అయిదో అధ్యాయంలో యాయీరు కథ మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఆయన సమాజమందిరపు అధికారి. పన్నెండేళ్ల కూతురు చావుబతుకుల్లో ఉంటే వచ్చి యేసు కాళ్ల మీద పడ్డాడు. యేసు బయల్దేరాడు. వెంట జనం ఒకరినొకరు తోసుకుంటూ నడుస్తున్నారు. ఆ గుంపులోంచి ఒకావిడ వెనకగా వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుంది. పన్నెండేళ్లుగా ఆమెకు రక్తస్రావం. ఉన్నదంతా వైద్యులకు పెట్టినా జబ్బు ముదిరిందే తప్ప తగ్గలేదు. ధర్మశాస్త్రం లెక్కన ఆమెది మైల, ఆమె తాకినవాళ్లకూ మైలే. ముట్టుకోగానే నయమైంది. కథ అక్కడితో ముగిసిపోవచ్చు. యేసు మాత్రం ఆగి, తనను ముట్టుకున్నదెవరని అడిగాడు. ఆమె వణుకుతూ ముందుకొచ్చి ఉన్నదంతా చెప్పింది. పన్నెండేళ్ల బాధ రెండు ముక్కల్లో తేలేది కాదు. యాయీరు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమెతో మాట ఇంకా పూర్తికాకముందే, పాప చనిపోయిందని కబురొచ్చింది.

మన ప్రసంగాలు స్వస్థత దగ్గరే ఆగిపోతాయి. నా మనసు మాత్రం ఆయన ఆగిన ఆ కాసేపటి మీదే ఉంటుంది. ఒక పెద్దమనిషి పని, అదీ ప్రాణం మీదికొచ్చిన పని, దాన్ని ఆపి, ఊరు మైల అన్న మనిషి మాటను నలుగురిలో చివరిదాకా విన్నాడు. కూతురని పిలిచింది ఆ తర్వాతే.

మన సంఘాల్లో దీనికి తీరిక లేదు. కూలి ఎగ్గొట్టారనో, కులం పేరుతో తిట్టారనో, పిల్లను ఏడిపించారనో ఎవరైనా కాపరి ఇంటికొస్తే సగం చెప్పకముందే ‘ప్రార్థన చేద్దామమ్మా’ అంటాం. దేవుడు చూసుకుంటాడంటాం. క్షమించమంటాం. ప్రార్థన వద్దని నేను ఎన్నడూ అనను, నేను బతుకుతున్నది దానితోనే. కానీ వినకుండా చేసే ప్రార్థన ఎదుటి మనిషి నోరు మూయిస్తుంది. ఆదివారం సాక్ష్యాల సమయంలో ఉద్యోగం వచ్చినవారికి, వీసా వచ్చినవారికి, ఆపరేషన్ బాగా జరిగినవారికి మైకు అందుతుంది. సర్పంచి ఇంటి ముందు అవమానపడ్డవాడికి మైకు ఇచ్చిన ఆరాధన ఎన్ని ఊళ్లలో చూశాం?

వినడం ఎంతదాకా తీసుకెళ్తుందో తెలియాలంటే కారంచేడు ఊళ్లో జరిగింది గుర్తుచేసుకోవాలి. 1985 జూలైలో మాదిగపల్లె మంచినీళ్ల చెరువులో పెద్దకులంవాళ్లు పశువుల కుడితి బకెట్లు కడుగుతుంటే పల్లెవాళ్లు వద్దన్నారు. కొట్టడానికి మీదికొచ్చినవాళ్లకు మున్నంగి సువార్త అనే మహిళ తన బిందె అడ్డం ఎత్తింది. మర్నాడు, 17న, ఊరి పెద్దకులంవాళ్లు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ రోజు చర్చి గేటు తెరిచినందుకు మనం గర్వపడవచ్చు. అయితే ఆ శిబిరంలో కూర్చుని ఒక్కొక్కరి మాటా విని, దాన్ని ఉద్యమంగా, కేసుగా మలిచినవాళ్లు ఎక్కువగా బయటివాళ్లు. దళిత నాయకుడు కత్తి పద్మారావు వచ్చాడు. బొజ్జా తారకం ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వచ్చాడు. సెప్టెంబరు 1న అక్కడే దళిత మహాసభ పుట్టింది. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో వచ్చింది. ఇరవై మూడేళ్లపాటు విసుగులేకుండా వినగలిగినవాళ్లు ఉండబట్టే ఆ కేసు అంతదాకా నిలిచింది.

ఇప్పటి పరిస్థితి మరో రకంగా బరువైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. అందుకే ఎన్నో ఇళ్లలో చర్చి రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. అవమానం జరిగితే గట్టిగా చెప్పుకోవడానికీ భయమే, చెబితే ఏ కాగితం పోతుందోనని. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసును, క్రైస్తవంలోకి వెళ్లినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పి కొట్టేసింది. కులం పేరుతో తిట్టేవాడు బాప్తిస్మం అయిందా అని అడిగి తిట్టడు. ఆ సంగతి పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. అడిగేవాళ్లు కావాలి.

చర్చి లోపల కూడా ఈ వినికిడి కరువే. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయినప్పుడు, ఆ పదవి అందుకున్న తొలి దళితుడని సంతోషించాం, సంతోషించాల్సిందే. సంఘంలో కుల వివక్ష ఉందని కతోలిక బిషప్పుల సమాఖ్య 2016లోనే తన విధాన పత్రంలో రాసుకుంది. ప్రొటెస్టెంటులం మనమేమీ మెరుగు కాదు. ఒకే ఊళ్లో మాలలకో మందిరం, మాదిగలకో మందిరం, ఇద్దరి ఆరాధనా ఒకే వేళకు. గుర్రం జాషువా ‘గబ్బిలం’లో గుడి లోపలికి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చేరవేయమని గబ్బిలానికి చెప్పుకుంటాడు. 1941లో ఆ కావ్యం రాసిన కవి క్రైస్తవ ఇంట్లో పుట్టినవాడు. ఆ గోడు వినే మనిషి ఆయనకు చర్చిలోనైనా దొరికి ఉంటే బాగుండేదని చదివినప్పుడల్లా అనుకుంటాను.

చేయవలసింది పెద్దదేమీ కాదు. ఆరాధనలో సాక్ష్యాల వేళ అన్యాయం జరిగినవారికీ చోటివ్వాలి. వాళ్లు చెబుతుండగా కాపరి మధ్యలో అందుకుని వాక్యం ఎత్తకూడదు. ఆడవాళ్ల మీద జరిగినవి నలుగురిలో చెప్పమనకుండా, స్త్రీల కూడిక అయ్యాక అమ్మగారు విడిగా కూర్చుని వినాలి. డిగ్రీ చదివిన పిల్లలు ప్రతి సంఘంలో ఉన్నారు. తేదీ, చోటు, అన్న మాటలు అన్నట్టే వాళ్లచేత రాయించాలి. పోలీసు స్టేషనుకు వెళ్లేరోజు సంఘపెద్దలు ఇద్దరు తోడు వెళ్లాలి, కాపరి కూడా వెళ్లాలి. ఫిర్యాదు మన మందిరం స్లాబుకు చందా ఇచ్చిన ఆసామి మీదైనా సరే.