వసారా కబుర్లు: పదో వంతు జీపు

పోయిన నెల యీ శీర్షికలో వూరగాయ జాడీల సంగతి రాస్తే అక్కచెల్లెళ్ళ వద్ద నుంచి చాలా వుత్తరాలు వచ్చాయి. మగవారి వద్ద నుంచి వొక్కటే వచ్చింది. అదీ మాకు వేరే పనీ పాటా లేదా అని అడుగుతూ. వారి తృప్తి కోసం యీ నెల మోటారు బండి సంగతి రాస్తున్నాం. అయితే బండి పొడుగు మాత్రం జానెడున్నర.

మా యింట్లో వొకప్పుడు జీపు వుండేదని మా వూరి పాతవాళ్ళకు తెలుసు. అది మా పెదనాయనగారిది. కొండ కింది మామిడి తోపుకు పోయి రావడానికి కొన్నారు. అయ్యనార్ కోవెల వైపు వెళ్ళినవారికి ఆ దోవలు ఎలాంటివో చెప్పనక్కరలేదు. మనకు అసలు వానలు ఆశ్వయుజ కార్తీకాలలో గదా. అప్పుడు వాగు పొంగితే ఎద్దులు కూడా మొరాయిస్తాయి. మామూలు మోటారులో రెండు చక్రాలే బండిని లాగుతాయి. జీపులో చిన్న కడ్డీ వొకటి వెనక్కి లాగితే నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. ఆ కడ్డీ మీద చెయ్యి వేయడానికి పెదనాయన మాలో ఎవరికీ అనుమతి యిచ్చేవారు కారు.

జీపు పుట్టింది 1941లో, అమెరికాలో, యుద్ధం కోసం. యుద్ధమయ్యాక దానినే రైతులకు అమ్మారు. 1947లో మహీంద్రావారు బొంబాయిలో ఆ భాగాలు తెప్పించి కూర్చడం మొదలుపెట్టారు. యుద్ధపు జీపు ముఖాన గాలి పోవడానికి తొమ్మిది చీలికలు వుంటే, రైతు జీపు ముఖాన ఏడే వుంటాయి. మాది ముక్కు ఎత్తుగా వుండే రకం. 1953లో కొత్త ఇంజను పొడుగ్గా వుందని బానెట్టునే పైకి లేపారు. అందం తగ్గిందని కొందరన్నారట. పెదనాయన ముందు ఆ మాట అని చూడండి!

సరే. యీ వేసవి సెలవులకు మా మనుమడు కోయంబత్తూరు నుంచి వచ్చాడు. యింజనీరింగు చదువుతున్నాడు. వాడికి బొమ్మబండ్లు కట్టే పిచ్చి. జపానులో షిజువోకా అనే చోట తమియా అని కంపెనీ వుంది. వారి పెట్టెలో ముప్పైఅయిదో వంతు జీపు వస్తుంది. నాలుగంగుళాల లోపే. దానిని యిదివరకే కట్టేశాడు. "తాతా, యీసారి మన జీపే చేస్తాను, పదో వంతులో" అన్నాడు. మేము సంతోషించాం. తర్వాత జరగబోయేది తెలిస్తే అంత సంతోషించి వుండేవాళ్ళం కాము.

పదో వంతులో వొక సుఖం వుంది. లెక్క నోటితోనే అయిపోతుంది. జీపు ముందు యిరుసుకూ వెనక యిరుసుకూ మధ్య 80 అంగుళాలు, బొమ్మకు 8. చక్రపు రిమ్ము 16 అంగుళాలు. బొమ్మకు అంగుళం మీద పదింట ఆరు. మా జీపు యిప్పుడు లేదు గనుక వూళ్ళో వొక మెకానిక్కు షెడ్డులో వున్న అదే రకం బండిని టేపు పట్టి కొలిచాం. మెకానిక్కు మమ్మల్ని బండి కొనవచ్చినవాళ్ళమనుకొని కాఫీ యిచ్చాడు. సంగతి తెలిశాక నవ్వి, రెండో కాఫీ యిచ్చాడు.

వొళ్ళంతా బోర్డులు రాసేవాళ్ళ దగ్గర దొరికే తెల్ల ప్లాస్టిక్ రేకుతో కోశాడు. కమాను పట్టీలు అల్యూమినియం డబ్బా కత్తిరించి వొక్కొక్కటే వంచి పేర్చాడు. వెనక పరిచే చెక్కలకు శివకాశి నుంచి మందు అంటించని అగ్గిపుల్లలు తెప్పించాం. సందులు పూడ్చడానికి మేమొక సలహా యిచ్చాం. కొండపల్లి బొమ్మలకు చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి మక్కు చేస్తారు గదా, అదే వాడమన్నాం. మక్కు కర్రను పట్టుకుంటుంది గాని ప్లాస్టిక్కును పట్టుకోలేదు. ఆరగానే పెచ్చులుగా లేచింది. వాడు ఏమీ అనలేదు. తర్వాత మా సలహా అడగలేదు కూడా.

సత్రపట్టి నుంచి మా చుట్టం వొకాయన గాజుగుడ్డ చుట్ట తెచ్చి పైన టాపు దీనితో వేయమన్నాడు. వేస్తే జీపు మీద చేపల వల ఆరేసినట్టు వచ్చింది. పదో వంతులో దారం కూడా పదో వంతు కావాలి. అందుకని టాపుకు పాత సన్ననేత పంచె చింపాం. గాజుగుడ్డ పోగులు కాస్త సడలించి, జిగురులో ముంచి, సన్నని కర్రకు కట్టి మామిడికాయలు కోసే చిక్కం చేశాడు. అది మాత్రం ఎంత చక్కగా వచ్చిందంటే, మా యింటావిడ దానితో సప్పట్ట కాయ కోయాలని వేళాకోళం చేసింది.

యింతవరకు కట్టడం. అసలు కథ తర్వాత వుంది. కొత్త బొమ్మను పాతబరచడం.

బొమ్మలు కట్టేవాళ్ళకు యిదొక విద్య. కొత్తగా రంగు పూసి వదిలితే అది ఆటవస్తువే. దుమ్ము, గీత, బురద, నూనె మరక పడితేనే బండి అనిపిస్తుంది. 1970 తర్వాత షెపర్డ్ పెయిన్ అనే అమెరికావాడు మోనోగ్రామ్ కంపెనీ పెట్టెలలో వేసిన కాగితాల ద్వారా యీ పని చాలామందికి నేర్పాడు. మా మనుమడు చేసిన పద్ధతి చెబుతాం.

ముందు బండి అంతా తుప్పు రంగు. అది ఆరాక అక్కడక్కడ తడి చేసి వుప్పు చల్లుతారు. వుప్పంటుకున్నాక దాని మీద అసలు రంగు. తర్వాత వేలితో రుద్దితే వుప్పు రాలి, ఆ చోట కింది తుప్పు రంగు బయటపడుతుంది. రంగు లేచిపోయిన బండి అచ్చంగా వచ్చేస్తుంది. మేము తూత్తుకుడి కల్లుప్పు యిచ్చాం. వాడు దాన్ని రోట్లో మెత్తగా నూరాడు. ఎందుకంటే వొక మిల్లీమీటరు గింజ పదో వంతు బండి మీద సెంటీమీటరు గులకరాయి. దుమ్ముకూ యిదే లెక్క. తోపులోని ఎర్రమన్ను తెచ్చి మందుల పొడిలాగా వస్త్రగాళితం పట్టాడు. మనకు తూర్పున రేగడి, కొండ కింద ఎర్రమన్ను. మా జీపు తిరిగింది ఎర్రమట్టిలో గనుక నల్లది పనికిరాదన్నాడు. టర్పెంటయినులో పలచన చేసిన నూనె రంగు సందుల్లో పోనిచ్చాడు. చక్రాల వెనక బురద చిమ్మినట్టు కుంచె మీద వేలితో కొట్టాడు. అద్దం మీద దుమ్ము పూసి, వైపరు తిరిగేంత మేర చంద్రవంకలాగా తుడిచాడు. యిది మాకు అన్నిటికంటే నచ్చింది.

యింట్లో పాత జీపు హాండిలు వొకటి మిగిలి వుంది, ముందు పెట్టి తిప్పి ఇంజను లేపేది. దాని మీది తుప్పు గీకి, నూరి, తలుపు కింది భాగానా నేల మూలలా అద్దాడు. మా జీపు తుప్పే మా జీపుకు!

వైశాఖ పౌర్ణమి నాడు బొమ్మను తెచ్చి పెదనాయన ముందు పెట్టాం. వారికి ఎనభై ఎనిమిదేళ్ళు. చూపు తక్కువ. చేతిలోకి తీసుకొని కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. మేము మెప్పు కోసం ఎదురు చూస్తున్నాం.

"యిది నా బండి కాదు" అన్నారు.

మనుమడు తెల్లబోయాడు. "పెద్దతాతా, ఫోటో చూసే చేశాను."

"ఏ ఫోటో?"

వాడు చూపించాడు. చింతచెట్టు కింద చక్రాలు దిగబడి, తలుపు కింద చిల్లులు పడి వున్న జీపు. పెదనాయన ఫోటో వైపు గాని వాడి వైపు గాని చూడలేదు. మా వైపు చూశారు.

"నేను తోలినన్నాళ్ళు దాని మీద తుప్పు పట్టనిచ్చానా?"

ఏం చెప్పగలం? కళ్ళు మసకబారి వారు తోలడం మానేశాక బండి మా చేతికి వచ్చింది. మాకు కారు వుంది. జీపును చెట్టు కింద పెట్టి ఆరు వానలు తడవనిచ్చాం. తర్వాత వారు కంటి ఆపరేషనుకు మదురై పోయిన వారంలో పాతయినుము వాడికి తూకానికి యిచ్చేశాం. తిరిగి వచ్చాక వారు చెట్టు కింద ఖాళీ చూశారు. వొక్క మాట అనలేదు. ఆనాడు అనని మాట యిప్పుడు జానెడున్నర బొమ్మ అనిపించింది. వుప్పు నూరి, తుప్పు గీకి మనుమడు కష్టపడి చేసినదంతా మా నిర్లక్ష్యపు పటమే.

మేము లేచి వసారాలోకి పోయాం. అది మర్యాద కాదని తెలుసు. లోపల మనుమడు ఏమనుకున్నాడో గాని, వొక కాగితమూ పెన్సిలూ తెచ్చుకొని వారి దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"మరి రంగు ఎక్కడెక్కడ పోయింది పెద్దతాతా?"

"కుడిపక్క, నేను ఎక్కేచోట. అడుగు పెట్టీ పెట్టీ యినుము మెరిసేది. తుప్పు కాదురా అబ్బీ, మెరుపు. రోజూ తొక్కేచోట తుప్పు ఎట్లా పడుతుంది?"

మోచెయ్యి ఆనించే అంచున రంగు నున్నగా అరిగిందట. వెనక చెక్కల మీద మామిడిజీడి పడి మాడిన నల్లమచ్చలు. ఎడమ మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయింది. అది ఎప్పుడని వాడు అడిగాడు. తోపు కావలివాడి భార్యకు నొప్పులు వచ్చిన రాత్రి, వాగులో రాయికి తగిలిందట. ఆసుపత్రికి చేరేలోగా వెనక చెక్కల మీదే ఆడపిల్ల పుట్టిందట. యీ సంగతి యిన్నేళ్ళలో మాకు తెలియదు. ఆ నొక్కు మేము చిన్నప్పటి నుంచీ చూస్తూనే వున్నాం, ఎవరమూ అడగలేదు.

రెండో రోజు వాడు బొమ్మను మళ్ళీ విప్పాడు. తుప్పు మీద రంగు వేశాడు. అడుగు పెట్టేచోట పెన్సిలు ముక్కు పొడి వేలితో రుద్దాడు. అది నిజంగానే అరిగిన యినుములాగా మెరుస్తుంది. మడ్‌గార్డును వేడినీళ్ళలో ముంచి వేలితో నొక్కాడు. ఎర్రదుమ్ము అలాగే వుంచాడు. వెనక నేల మూల వొక్కచోట తుప్పు మిగిలిపోతే చెరపబోయాడు. మేమే వద్దన్నాం.

ఆ కొండ పైకి దోవలు యిప్పుడు పూర్వంలా లేవు. 1988లో బూడిదరంగు పెద్ద వుడుతల కోసం అభయారణ్యమైంది, 2021లో మేగమలైతో కలిపి పులుల అభయారణ్యం చేశారు. మంచిదే. జీపులకు అక్కడ పని లేదు.

బొమ్మను హాలులో అద్దాల బీరువాలో పెట్టాం. మనుమడు కోయంబత్తూరు వెళ్ళిపోయాడు. పెదనాయన రోజూ పొద్దున కాఫీ అయ్యాక బీరువా తెరిచి, తడిగుడ్డతో బొమ్మను వొళ్ళంతా తుడుస్తున్నారు. వస్త్రగాళితం పట్టిన దుమ్మంతా నెల తిరక్కుండానే పోయింది. ఫోనులో చెబితే వాడు దీపావళికి వచ్చి మళ్ళీ పూస్తానన్నాడు. డబ్బాడు ఎర్రమన్ను జల్లించి వుంచమన్నాడు. వుంచాం.