ప్లీడరును పట్టుకునే ముందు

ధర్మవరం దగ్గరి పల్లెనుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాసింది. పెనిమిటి బేల్దారి. రెండేండ్లు వరుసగా శెనక్కాయ పంట పోయి, విత్తనం ఖర్చు కూడా చేతికి రాకపోతే బెంగుళూరుకు పనికి పోయినాడు. సంక్రాంతికి మోటారు సైకిలు మీద ఇంటికి వస్తూండగా, ఇంకా బాగేపల్లి దాటకముందే లారీ గుద్దింది. కుడికాలు మోకాటి క్రిందికి తీసివేశారు. మూడు నెలలయింది.

“ఆస్పత్రిలో మూడో రోజున ఒకాయన వచ్చి, పైసా ఇవ్వక్కరలేదమ్మా, వచ్చినదాంట్లో మూడో వంతు మా ప్లీడరుకిస్తే చాలునని చెప్పి, నాలుగు తెల్లకాగితాల మీద మా ఆయనచేత సంతకాలు పెట్టించుకొని పోయినాడు. మా అన్నేమో అనంతపురంలో పెద్ద ప్లీడరున్నాడు, ఆయన దగ్గరికే పోదామంటాడు. ఎవరిని నమ్మాల?” అని ఆమె ప్రశ్న.

అమ్మా, ముందు ఆ మూడో రోజు మనిషి సంగతి చెప్పుకుందాం. మంచి ప్లీడరు ఆస్పత్రి మంచాల చుట్టూ మనుషులను తిప్పడు. తిప్పకూడదని వారి బార్ కౌన్సిల్ నిబంధనలే అంటున్నాయి. దావా ఫలితాన్నిబట్టి ఫీజు మాట్లాడుకోకూడదనీ, వచ్చిన సొమ్ములో వాటా పుచ్చుకోకూడదనీ కూడా ఆ నిబంధనలలోనే ఉంది. అమెరికాలో మూడో వంతుకు ఒప్పందం చేసుకోవడం చట్టసమ్మతమే, మామూలే. మన దేశంలో కాదు. దళారుల పేర్లు జాబితా వేసి ప్రకటించడానికి కోర్టులకు అధికారమిస్తూ 2023లో అడ్వకేట్ల చట్టాన్ని సవరించారు కూడాను. మొదటి మాటతోనే తన వృత్తి నియమాన్ని కాలదన్నినవాడు రేపు మీ లెక్క సరిగా చెబుతాడని నమ్మడమెట్లా?

సంతకం పెట్టేశాము, ఇక చిక్కుకున్నామని దిగులు పడకండి. వకాలతు ఇచ్చినవారికి దాన్ని మార్చుకునే హక్కు ఉంది. ఫీజు బాకీ ఉందని ప్లీడరు కక్షిదారు కాగితాలను బిగపట్టుకోరాదని సుప్రీంకోర్టు 2000లోనే తీర్పు చెప్పింది. అయితే ఆ కాగితాలతో బెంగుళూరులోనో, చిక్‌బళ్లాపురంలోనో ఇప్పటికే దావా పడిందేమో విచారించాలి. కోర్టుల వెబ్‌సైటులో పేరు కొట్టి చూడవచ్చు. చదువుకున్న పిల్లవాడెవడైనా నిమిషంలో చూసిపెడతాడు. ఒకే ప్రమాదానికి రెండు చోట్ల దావా వేస్తే మొదటికే మోసం వస్తుంది.

ప్రమాదం కర్ణాటకలో జరిగితే అక్కడికే పోవాలనుకుంటారు చాలామంది. అక్కరలేదు. ప్రమాదం జరిగిన చోటగాని, బాధితుడు కాపురముండే చోటగాని, ప్రతివాది ఉండే చోటగాని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దావా వేసుకోవచ్చు. నడవలేని మనిషిని వాయిదా వాయిదాకు బస్సెక్కించే పని తప్పుతుంది. కాని కేసు కట్టింది అక్కడి పోలీసులు గనుక కాగితాలన్నీ కన్నడంలో ఉంటాయి. వాటిని తెప్పించి, తర్జుమా చేయించి దాఖలు చేసే ఓపిక ఉన్నవాడా కాదా అన్నది మీరు ప్లీడరును అడగవలసిన మొదటి ప్రశ్న. ఆయన పేరు పెద్దదా చిన్నదా అన్నది తరువాతి మాట. పెద్ద ప్లీడర్లు కాగితం చూడకుండానే జూనియరు చేతికిచ్చి పంపడం కద్దు. మీ కేసు ఏ జూనియరు చూస్తాడో అడిగి, ఆ అబ్బాయితో ఒకసారి మాట్లాడి రండి.

రెండో ప్రశ్న: మీరు భీమా కంపెనీల పక్షాన కూడా వాదిస్తారా, అని. వాదిస్తే తప్పేమీ లేదు, వారి ఎత్తులు తెలిసినవాడే అవుతాడు. మీ లారీకి భీమా ఉన్న కంపెనీకే ఆయన ప్లీడరైతే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.

అసలు ప్లీడరు పనితనం ఎక్కడ తెలుస్తుందో ఒక లెక్క చెబుతాను. మీ ఆయనకు 32 ఏండ్లనుకుందాం, నెలకు 15,000 రూపాయల సంపాదన అనుకుందాం. ఏడాదికి 1,80,000. నలభై ఏండ్లలోపు స్వంత కష్టం మీద బ్రతికేవారికి ముందు ముందు పెరిగే రాబడి క్రింద నూటికి నలభై కలపాలని 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అప్పుడది 2,52,000. ఆ వయస్సుకు 2009 నాటి సరళావర్మ తీర్పు ప్రకారం 16తో హెచ్చవేయాలి. మొత్తం 40,32,000. డాక్టరు నూటికి నలభై వంతులు వైకల్యమని సర్టిఫికెట్ ఇచ్చాడని, ప్లీడరు దానితో సరిపెట్టుకుంటే వచ్చేది 16,12,800. కాని డాక్టరు కొలిచేది శరీరాన్ని. కోర్టు కొలవవలసింది సంపాదన శక్తిని. ఈ తేడాను 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు విడమరచి చెప్పింది. పరంజా ఎక్కలేని బేల్దారికి నలభై వంతులే నష్టమా? డాక్టరును సాక్షిగా పిలిపించి, పోయినది ఎనబై వంతులని రుజువు చేయగలిగితే 32,25,600. వైద్యం ఖర్చు, బాధకు పరిహారం వేరే. మూడో వంతు మనిషి ఈ శ్రమ పడతాడా, త్వరగా రాజీ చేసి తన వాటా తీసుకుంటాడా, మీరే ఆలోచించండి.

పదిహేను వేలని నోటితో చెబితే చాలదు. కూలికి జీతం చీటీ ఉండదు గదా! మేస్త్రీని సాక్ష్యానికి ఒప్పించండి. ఫోనులో కూలి డబ్బు పడిన లెక్క, బ్యాంకు పుస్తకం భద్రపరచండి. హెల్మెట్టు లేకపోయినా, లైసెన్సు లేకపోయినా ప్లీడరుతో దాచవద్దు. అవతలివాళ్లు ఎట్లాగూ బయటపెడతారు.

మాటలో మాట, ఇది మన జిల్లా ఆడవాళ్లకు. కలుపుకూ కోతకూ ఆటోలో కిక్కిరిసి పోతుంటారు. 2024 నవంబరులో గార్లదిన్నె దగ్గర ఆర్టీసీ బస్సుకూ ఆటోకూ జరిగిన ప్రమాదంలో ఎల్లుట్ల కూలీలు పోయిన సంగతి తెలిసిందే. సామాన్ల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు భీమా కంపెనీ బాధ్యత లేదని 2002లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పరిమితి మించి ఎక్కితే ఎందరికి భీమా ఉందో అందరికే కంపెనీ పూచీ. అటువంటి కేసులకు ఎదుటి బండి వైపునుంచి దావా నడపగల అనుభవశాలి కావాలి.

ఫీజు సంగతి. మొత్తం ఇంత అని అంకె వేసి, ఇప్పుడెంత, తరువాతెంత అని కాగితం మీద వ్రాయించుకోండి. అదీ తాహతులో లేదంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా ప్లీడరునిస్తారు. కాని దావా వేయవలసింది మీరు కాదు, మీ ఆయన. ఆయనకు వైకల్యం వచ్చింది గనుక ఆ హక్కు ఆయనకూ ఉంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

లోక్ అదాలత్‌లో రాజీ పడమని ఎవరైనా అంటే, పైన వేసిన లెక్క చేతిలో పెట్టుకొని కూర్చోండి. అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు లేదు. డబ్బు మీ ఆయన ఖాతాలోనే పడాలి. చదువురాని కక్షిదారుల సొమ్ము చేజారకుండా డిపాజిట్టులో ఉంచమని 1993లోనే సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లకు చెప్పింది. ఆ ఖాతా ఏ.టి.ఎం. కార్డు పరాయి చేతికి పోకూడదు.

2022 ఏప్రిల్ 1నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపల దావా వేయాలన్న నియమం వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టుదాకా వివాదం పోయింది. ఆ వివాదాన్ని నమ్ముకొని మీరు కూర్చోవద్దు. మీకు మిగిలింది మూడు నెలలు. ఈ వారంలోనే అన్నను వెంటబెట్టుకొని వెళ్లి, ఆ తెల్లకాగితాలు తీసుకున్న మనిషి ఏ ప్లీడరు తాలూకో మొదట కనుక్కోండి.