కాలేజీకి వెళ్లే అమ్మాయి.. సినిమా చూసేది గేటు దాకానే

2025 ఆగస్టు 1న 71వ జాతీయ చలనచిత్ర అవార్డులు ప్రకటించినప్పుడు తెలుగు మీడియాలో సందడంతా మన సినిమాలకు ఎన్ని వచ్చాయన్న లెక్క మీదే నడిచింది. ఒక సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. ఉత్తమ దర్శకుడి అవార్డు 'ది కేరళ స్టోరీ' తీసిన సుదీప్తో సేన్‌కు వచ్చింది. ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డును మరో సినిమాతో కలిసి మన 'బేబీ' పంచుకుంది. రెండూ 2023లో విడుదలైనవే. రెండు కథలూ ఒకే చోట మలుపు తిరుగుతాయి. అమ్మాయి కాలేజీలో చేరుతుంది. ఇక అక్కడి నుంచి ఆమె చెడిపోవడమో, మోసపోవడమో జరుగుతుంది.

'బేబీ'లో బస్తీ అమ్మాయి, బస్తీ అబ్బాయి స్కూలు రోజుల నుంచే ప్రేమించుకుంటారు. అతను చదువు ఆపేసి ఆటో నడుపుతాడు. ఆమె ఇంజినీరింగ్ కాలేజీకి వెళుతుంది. కొత్త స్నేహితులు, కొత్త బట్టలు, డబ్బున్న క్లాస్‌మేట్.. చివరికి ఆటో అబ్బాయి గుండె పగిలిపోతుంది. థియేటర్లలో కుర్రాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నది అతని కోసమే. ఆ అమ్మాయి పాత్రలో సంఘర్షణ లేకపోలేదు, వైష్ణవి చైతన్య నటన కూడా బాగుంది. కానీ బస్తీ నుంచి ఇంజినీరింగ్ సీటు దాకా రావడానికి ఆ పిల్ల ఎంత కష్టపడి ఉంటుందన్నది కథకు అక్కర్లేకపోయింది.

'ది కేరళ స్టోరీ' దారి వేరు. అందులో నర్సింగ్ కాలేజీ హాస్టల్ ఒక ఉచ్చు. ఆ ఉచ్చు వేసేది సాటి విద్యార్థినే, హిజాబ్ వేసుకున్న రూమ్‌మేట్. 32 వేల మంది అమ్మాయిలకు ఇలా జరిగిందని ప్రచారం చేశారు. 2023 మేలో విషయం సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఆ అంకెకు ప్రామాణికమైన ఆధారం లేదని సినిమాలో ప్రకటన వేస్తామని నిర్మాత ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రకటన కొన్ని క్షణాలు తెర మీద ఉంటుంది. హాస్టల్‌లో పక్క మంచం మీద ఉన్న ముస్లిం అమ్మాయిని అనుమానంగా చూసే అలవాటు అంత తొందరగా పోదు.

కాలేజీ అమ్మాయిని ఎప్పుడూ ఇంత భయంగానే చూశారా అంటే, కాదు. ఉర్దూ తెలిసిన ఇళ్లలో పాత తరానికి 'మేరే మెహబూబ్' పేరు చెబితే చాలు. హెచ్.ఎస్.రవైల్ తీసిన ఆ 1963 సినిమాకు అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీయే నేపథ్యం. బురఖాలో ఉన్న విద్యార్థిని, కవిత్వం రాసే విద్యార్థి ఒకరికొకరు తగులుతారు, పుస్తకాలు కింద పడతాయి, అతనికి ఆమె కళ్లు మాత్రం కనిపిస్తాయి. నౌషాద్ సంగీతం, షకీల్ బదాయునీ పాటలు.. ఇంకేం కావాలి? యూనివర్సిటీలో చదివే పరదా అమ్మాయిని ఆ సినిమా వింతగా చూపలేదు, అది పెద్ద విషయమే. అయినా ఆమె ఏం చదువుతోంది అని అడిగితే, ఎన్నిసార్లు చూసినవాళ్లయినా తడుముకోవాల్సిందే. పుస్తకాలు ఉన్నవి పడిపోవడానికే కదా.

నిజానికి అలీగఢ్‌లో ఆ పుస్తకాల వెనక పెద్ద కథే ఉంది. షేక్ అబ్దుల్లా, ఆయన భార్య వహీద్ జహాన్ బేగం 1906లో అక్కడ ఆడపిల్లల కోసం చిన్న బడి పెట్టారు. షరీఫ్ ఖాన్‌దాన్ల ఆడపిల్లలు బయటికొచ్చి చదవడమేంటని గట్టి వ్యతిరేకతే వచ్చింది. ఆ బడే తర్వాత వుమెన్స్ కాలేజీ అయింది. ఇస్మత్ చుగ్తాయి అక్కడే చదువుకున్నారు. మన హైదరాబాద్‌లో 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల తర్వాత కోఠీ రెసిడెన్సీ భవనానికి మారి, 2022లో మహిళా విశ్వవిద్యాలయం స్థాయికి ఎదిగింది. ఈ గేట్ల లోపల తరతరాలుగా జరిగింది ఒక్క సినిమాకు సరిపోయే కథేమీ కాదు, వంద సినిమాలకు సరిపోతుంది. తీసినవాళ్లేరీ?

తెలుగు తెర కూడా మొదట్లో కొంత నయమే. 'మిస్సమ్మ' (1955)లో సావిత్రి బి.ఏ. చదివిన అమ్మాయి. ఆ డిగ్రీ అలంకారం కాదు, అప్పు తీర్చడానికి ఉద్యోగం కావాలి కాబట్టే కథ నడుస్తుంది. తర్వాత దశాబ్దాల్లో కాలేజీ అంటే క్యాంటీన్, కల్చరల్ డే, హీరో ఈల వేయడం అనే లెక్కకు వచ్చేసింది. 'హ్యాపీ డేస్' (2007) ర్యాగింగ్‌ని, పరీక్షల్ని, క్యాంపస్ ఇంటర్వ్యూల్ని కాస్త దగ్గరగా చూపి ఊపిరి పోసింది. పదేళ్లకు 'అర్జున్ రెడ్డి' వచ్చింది. మెడికల్ కాలేజీలో చేరిన ఫస్టియర్ అమ్మాయిని సీనియర్ 'నాది' అని క్లాసుల్లో ప్రకటిస్తాడు. ఆమె ఎవరి పక్కన కూర్చోవాలో అతనే చెబుతాడు. మెడికల్ సీటు తెచ్చుకున్న పిల్లకు నోరు తెరిచే అవకాశమే చాలాసేపు రాదు. దాన్ని ప్రేమ అన్నారు.

అందుకే 2025 నవంబర్ 7న వచ్చిన 'ది గర్ల్‌ఫ్రెండ్' మీద అంత చర్చ జరిగింది. రాహుల్ రవీంద్రన్ తీసిన ఈ సినిమాలో ఎం.ఏ. సాహిత్యం చదివే భూమ (రష్మిక)ను ప్రేమ పేరుతో సొంతం చేసుకునే అబ్బాయి ఎలా ఊపిరాడనివ్వడో ఆమె వైపు నుంచి చెప్పారు. 'అర్జున్ రెడ్డి'కి ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన జవాబు అనుకోవచ్చు. ఆలస్యమైనా రావాల్సిన జవాబే.

ముస్లిం అమ్మాయి విషయంలో అలాంటి జవాబు తెలుగులో ఇంకా రాలేదు. హిందీలో 'గల్లీ బాయ్' (2019)లోని సఫీనా ఉంది. హిజాబ్ వేసుకుంటుంది, మెడిసిన్ చదువుతుంది, కోపం వస్తే సీసా తీసి కొట్టేస్తుంది కూడా. బాధితురాలూ కాదు, ఉచ్చు వేసేదీ కాదు. ఇలాంటివాళ్లు మన తెరపై ఒక్కరైనా కథానాయికగా గుర్తొస్తారా?

అంకెలు చూస్తే తెర ఎంత వెనకబడిందో తెలుస్తుంది. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్య సర్వే (2021-22) ప్రకారం దేశంలో 4.33 కోట్ల మంది విద్యార్థుల్లో 2.07 కోట్ల మంది అమ్మాయిలే. ముస్లిం విద్యార్థులు దాదాపు 21 లక్షలు, అందులో సగం మంది అమ్మాయిలు. జనాభాలో వాటాతో పోలిస్తే 21 లక్షలు తక్కువే, అది వేరే బాధ. కానీ ముస్లిం ఇళ్లలో ఆడపిల్లల్ని చదివించరు అన్న మాట ఈ లెక్క ముందు నిలబడదు.

టీవీ వార్తల్లో వీళ్లు కనిపించింది మాత్రం 2022లో, అదీ కర్ణాటక హిజాబ్ వివాదంలో, కాలేజీ గేటు బయట. ఆ మార్చిలో హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. నిషేధం తప్పన్న జస్టిస్ సుధాంశు ధూలియా ఆడపిల్లల చదువునే ముందు పెట్టి చూశారు. ఛానళ్లకు అది పట్టలేదు. తలపై గుడ్డ గురించి గంటల తరబడి వాదించినవాళ్లు, సంచిలో ఉన్న ల్యాబ్ రికార్డు గురించి అడగలేదు.

ఇది సినిమానే కదా అని తీసిపారేయలేం. ఇంటర్ ఫలితాలు వచ్చాక అమ్మీ, అబ్బా కూర్చుని కూతురిని ఎంత దూరం పంపాలి, హాస్టల్‌లో ఉంచాలా వద్దా అని మాట్లాడుకునేటప్పుడు వాళ్లు చూసిన కథలూ ఆ గదిలోనే ఉంటాయి. 'జమానా ఖరాబ్ హై' అనే మాట వెనక ఏదో ఒక సీన్ ఉంటుంది. అబ్బాయి అడ్మిషన్‌కి ఈ చర్చ ఉండదు.

ఆ గదిలో నిజంగా తేలాల్సిన లెక్కలు వేరే ఉన్నాయి. 'ది గర్ల్‌ఫ్రెండ్' విడుదలైన వారమే తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. ఈ పథకం మీద ఆధారపడి చదివే బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ అమ్మాయిలు ఎందరో. కోర్సు అయిపోయినా బకాయి తేలక సర్టిఫికెట్లు చేతికి రాని పిల్లలున్నారు. ఆ సర్టిఫికెట్ లేకపోతే పీజీ కౌన్సెలింగ్ ఆగుతుంది, ఉద్యోగం ఆగుతుంది. ఇంట్లో ఆలోగా ఒక రిష్తా వస్తుంది.