నక్షాలో మన వాడ ఏదీ?

బడికి రెడీమేడ్ పటాలు వచ్చినయి. మంచిదే, అట్లాసు కొనలేని మన పిల్లలకు అవి కావాలె. కానీ ఆ పటంలో నైలు నది ఉంది, బంట్వారం లేదు. అనంతగిరి గుట్టల్లో పుట్టే మూసీ, తాండూరు పక్కన పారే కాగ్నా, బండలు తీసే గనులు భూగోళం కాదా?

అందుకే మేం పిల్లలతో ఊరి పటం గీయిస్తున్నం. అడుగులు లెక్కబెట్టి, దిక్కులు చూసి బోరింగు, బడి, బొందలగడ్డ బాట, ఊరికీ వాడకూ నడుమ దూరం గుర్తిస్తరు. సీసీ రోడ్డు ఎక్కడ ఆగిందో అప్పుడు కనబడ్తది. ఎందుకాగిందని వాళ్లే అడుగుతరు.

ఇది మార్కుల ముచ్చట కాదు. గ్రామ నక్షా, సర్వే నంబరు చదవరాకపోతే మన లావణి పట్టా భూమికి దొర చూపిందే హద్దు.

సార్లూ, కార్యకర్తలారా! కొన్న పటం పక్కనే పిల్లలు గీసిన వాడ పటమూ గోడకు తగిలించండి.