సలహాకూ శాసనానికీ మధ్య

ఢిల్లీ అధికార యంత్రాంగానికి మిక్కిలి ప్రీతిపాత్రమైన మాట ‘మార్గదర్శక సూత్రాలు’. వినడానికి చట్టమంత గంభీరంగా ఉంటుంది. చట్టంలా ఎవరినీ బంధించదు. పాటిస్తే సంతోషం, పాటించకుంటే అడిగే నాథుడు లేడు. వికలాంగుల హక్కుల విషయంలో ఈ మాట చాటున ఏళ్ల తరబడి సాగిన కాలయాపనను 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు బట్టబయలు చేసింది.

చూపులేని రాజీవ్ రాతూరి 2005లో వేసిన వ్యాజ్యమది. 2017 డిసెంబరులో కోర్టు నిర్దిష్టమైన ఆదేశాలే ఇచ్చింది. అమలు మాత్రం నత్తనడక నడిచింది. క్షేత్రస్థాయి పరిస్థితిని పరిశీలించే పనిని కోర్టు చివరకు హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదికను పరిశీలించిన జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మనోజ్ మిశ్రాల ధర్మాసనం, 2017 నాటి నిబంధనలలోని 15(1) మాతృ చట్టానికే విరుద్ధమని తేల్చింది. చట్టం ప్రమాణాలు నిర్దేశించమన్నది. ప్రభుత్వం వివిధ శాఖల మార్గదర్శకాలను ఒకచోట గుదిగుచ్చి, అవే ప్రమాణాలన్నది. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలూ ఆ మూటలోనివే. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలలలో రూపొందించాలని కోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఈ చట్టం పుట్టిన సమావేశాలను మరచిపోవడం కష్టం. 2016 శీతాకాలంలో ఉభయసభలు పెద్దనోట్ల రద్దు రభసలో కొట్టుకుపోతుండగా, డిసెంబరు 14న రాజ్యసభ, 16న లోక్‌సభ కలహం ఆపి ఈ బిల్లును ఆమోదించాయి. ఆ ఏకాభిప్రాయమే దీనికి చేటు తెచ్చిందేమోనని నా అనుమానం. వివాదాస్పదమైన చట్టాన్ని ప్రతిపక్షం వేయికళ్లతో కనిపెట్టి ఉంటుంది. అందరూ బల్లలు చరిచి ఆమోదించిన దానిని మళ్లీ తిరిగి చూసేవారెవరు? ‘వికలాంగులు’ అనే పేరును ‘దివ్యాంగులు’గా మార్చడంలో చూపిన చురుకుదనం నిబంధనలు వ్రాయడంలో కనిపించలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. పాత చట్టంలోని 7 రకాల వైకల్యాలను కొత్త చట్టం 21కి పెంచింది కనుక, అసలు సంఖ్య ఇంతకంటె హెచ్చే. పింఛను దరఖాస్తు, రైలు టిక్కెట్టు, బ్యాంకు ఖాతా, పరీక్ష ఫలితం అన్నీ తెరమీదికి చేరిన ఈ రోజులలో వీరి గతి ఏమిటి?

అంధులు కంప్యూటరునైనా, ఫోనునైనా స్క్రీన్ రీడర్ అనే సాధనంతో వినగలరు. తెరమీది అక్షరాలను అది పైకి చదువుతుంది. కాని బొమ్మకు వివరణ వ్రాయకపోతే దానికి నోరు పెగలదు. మీటకు పేరు పెట్టకపోతే ‘బటన్’ అని ఊరుకుంటుంది. అది డబ్బు పంపే మీటో, రద్దు చేసే మీటో వినేవారే ఊహించుకోవాలి. తెలుగువారికి మరొక తంటా ఉన్నది. పాత తెలుగు ఫాంట్లలో అక్షరం పైకి తెలుగే. లోపల యంత్రం దాచుకున్నది మాత్రం ఇంగ్లీషు సంకేతం. కంటికి ముచ్చటైన తెలుగు, చెవికి అర్థంపర్థం లేని శబ్దం! ఇక ప్రభుత్వోత్తర్వుల సంగతి. కంప్యూటరులో టైపు చేసిన దానిని కాగితంపై ముద్రించి, సంతకం చేయించి, ఆ కాగితానికి ఫొటో తీసి వెబ్‌సైటులో పెట్టే ఆచారం అనేక కార్యాలయాలలో ఉన్నది. యంత్రం చదవగల రూపంలోనే పత్రాలు ఉండాలని 2017 నిబంధన సైతం చెప్పిన సంగతి ఆ కార్యాలయాలకు తెలియదు కాబోలు.

యాసిడ్ దాడికి గురైనవారి ఇబ్బంది మరింత దారుణమైనది. బ్యాంకు యాప్ కెమెరా ముందు కళ్లార్పమంటుంది. రెప్పలు కాలిపోయినవారు ఎలా ఆర్పగలరు? ఈ ఇబ్బందిపై దాఖలైన వేరొక వ్యాజ్యంలో 2025 ఏప్రిల్ 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం 20 ఆదేశాలు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో అంతర్భాగమేనని స్పష్టం చేసింది.

ఖర్చు భారమన్న వాదనకు పస లేదు. కట్టేటప్పుడు గుమ్మం వెడల్పు పెంచడం చౌక. కట్టిన గోడ పగులగొట్టడమే ఖరీదు. ఇక చట్టంలోని 89వ సెక్షను జరిమానా మొదటి తప్పుకు 10 వేల రూపాయలకు మించదు. మళ్లీ తప్పు చేస్తే 50 వేల నుంచి 5 లక్షలు. కోట్ల రూపాయల కాంట్రాక్టు పొందిన కంపెనీకి ఇదొక లెక్కా? జరిమానా కంటె బిల్లు నిలుపుదలకే నా ఓటు. ప్రమాణాలు పాటించని పనులకు పూర్తి ధ్రువపత్రం నిలిపివేయాలని 2024 తీర్పులోనూ ఉన్నది. వెబ్‌సైటు, యాప్ ఏదైనా సరే, తగిన పారితోషికం పుచ్చుకొని వికలాంగులే స్వయంగా వాడి చూచి సరేనన్న తరువాతనే తుది చెల్లింపు జరగాలి. ఈ ఒక్క షరతు టెండరు పత్రంలో చేర్చడానికి హైదరాబాదు గాని, అమరావతి గాని ఢిల్లీ అనుమతికై ఎదురుచూడనక్కరలేదు.