గృహవస్తు సంరక్షణము: మోటారుబండికి తోముటయా, కళాయియా?



గతమాసమున నాంపల్లి ప్రాంతమునుండి యొక సోదరి మాకు లేఖ వ్రాసిరి. వారి కుమారుడు వాయిదాలపై నొక కారు కొని యింకను సంవత్సరము తిరుగలేదు. ఆ బండి వాకిట వేపచెట్టు క్రింద నిలుచును. కాకిరెట్ట యొకటి బానెట్టుపై బడి యెండి గట్టిపడగా, కుమారుడు పొరుగూరు పోయిన సమయమున, ఆ తల్లి దానిని గిన్నెలు తోము పచ్చపీచుతో రుద్దిరట. రెట్ట పోయినది. దానితోపాటు నిగనిగయు బోయినది. అరచేతి వెడల్పున తెల్లని మసక మిగిలినది. గుండె గుభేలుమని, మరునాడే బేగంబజారునకు బోయి రెండు డబ్బాలు కొనితెచ్చిరి. ఒకదానిపై పాలిషనియు, రెండవదానిపై వ్యాక్సనియు నున్నది. "అంగడివాడు రెండును ఒకటే యనుచున్నాడు. అబ్బాయి పదిదినములలో వచ్చును. ఏది ముందు పూయవలయును?" అని వారి ప్రశ్న.

గడువు స్వల్పము గావున వారికి వెంటనే జాబు వ్రాసితిమి. అయినను ఇట్టి సందేహము పెక్కిండ్లలో నుండునని తోచి, ఈ మాసము ఈ పుటను దానికే కేటాయించుచున్నాము. బండి సంగతి పురుషుల పనియని పుట త్రిప్పివేయ దలచిన సోదరి యెవరైన నున్నచో ఒక్కక్షణము నిలువగోరెదము. నేడు ఎందరో స్త్రీలు తామే బండి నడుపుకొనుచున్నారు; అదిగాక మెఱుగుపెట్టు విద్యలో మన కున్న యనుభవము వారికి లేదు.

జాబు వ్రాసిన పిదప మేమును ఒకనాటి యుదయమున బేగంబజారు చూచివచ్చితిమి. రెండవ ఆసఫ్‌జాహీ నిజాం అలీఖానుగారి భార్య హుమ్దా బేగము వర్తకుల కిచ్చిన స్థలమగుటచే దాని కాపేరు వచ్చినదని చెప్పుదురు. నాంపల్లినుండియు ఆబిడ్సునుండియు అది దూరము గాదు. బండికి మెఱుగు కొనుటకై బండిలోనే యచ్చటికి బోవలెనని తలచువారు మాత్రము సాహసులే; ఆ సందులలో తోపుడుబండ్లును ఆటోలును ఇరుప్రక్కల నొరసికొని పోవునప్పుడు పడు గీతలకు ఏ మైనమును చాలదు. మేము ఆటోలో బోయి, అఫ్జల్‌గంజువద్ద దిగి నడచితిమి.

ఒక దుకాణమున మే మడిగిన ప్రశ్నకును అదే సమాధానము వచ్చినది. "రెండూ ఒక్కటేనమ్మా, ఏది పెట్టినా మెరుస్తది" అని యా వర్తకుడు చిరునవ్వుతో ననెను. అతనిపై మాకు కోపము లేదు. అతడు నూరు రకముల సామాను అమ్మువాడు. కాని యా మాట నిజము గాదు. దాని నెట్లు తెలుపుదుమా యని యాలోచించుచు నాలుగడుగులు వేయగా, ఇత్తడి గంగాళములు, బిందెలు, కాగులు దొంతరలుగా పేర్చిన అంగళ్లు ఎదురయ్యెను. అచ్చట మాకు సమాధానము దొరకినది.

ఇత్తడిగిన్నెకు మనము రెండు పనులు చేయుదుము. చింతపండుతోడను ఇటుకపొడితోడను తోముట యొకటి. కళాయి పూయించుట రెండవది. తోమునప్పుడు గిన్నెపై నున్న చిలుమును, దానితో కొంచెము ఇత్తడిని గూడ, తీసివేయుచున్నాము. కళాయివాడు గిన్నెను కాచి, నవసాగరము చల్లి, తగరమును దూదితో నదుమునప్పుడు లేనిపొర నొకదానిని చేర్చుచున్నాడు. మొదటిది తీయుట, రెండవది వేయుట. పాలిషు బండిని తోముట. వ్యాక్సు బండికి కళాయి. రెండింటివలనను మెఱుపు వచ్చును గాన ఒకటిగా దోచును. గంగాళము తాతలనాటినుండి తోమబడుచున్నను అరుగక నిలుచుటకు దాని దళసరియే కారణము. బండిపై నట్టి దళసరి లేదు.

ఎంత పలుచనో చెప్పెదము. నేటి కార్లలో లోహముపై అడుగుపూత, దానిపై రంగు, అన్నిటికి పైన క్లియర్‌కోటను రంగులేని పారదర్శకమగు పూత యుండును. ఈ పద్ధతి 1980 ప్రాంతమునుండి లోకమంతట వ్యాపించినది. ఆ పైపూత సాధారణముగా 40, 50 మైక్రానులకు మించదు. మిల్లీమీటరులో వేయవవంతు మైక్రాను. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రానులు. అనగా బండి యందమంతయు నొక వెంట్రుకకన్న పలుచని పొరలో నున్నది. ఎండలోని అతినీలలోహిత కిరణములను అడ్డు మందుగూడ ఆ పొరయందే కలుపుదురు. పాలిషుతో రుద్దిన ప్రతిమారును అందులో కొంత పోవును, పోయినది తిరిగిరాదు. ఆ పొర యరిగినచోట కొన్ని యేండ్లకు రంగు పెచ్చులుగా లేచును. ఇంటి పైకప్పుపై అట్టి తెల్లమచ్చలతో తిరుగు బండ్లను మీరు చూచియే యుందురు—ఇంటి యనియంటిమి, బండి పైకప్పని మా భావము.

పూర్వకాలపు కార్ల సంగతి వేరు. చౌమహల్లా భవనమున నిలిపియుంచిన పసుపువన్నె రోల్స్‌రాయిస్‌ను చూచినవారు మనలో గలరు. ఆరవ నిజాం మహబూబలీఖానుగారు చేయించి, అది చేరకమునుపే 1911లో కాలధర్మము నొందిరి. ఆ కాలమున గుఱ్ఱపుబగ్గీలకు వలెనే కార్లకును కుంచెతో పూతమీద పూత వేసి, ఆరనిచ్చి, అరగదీసి, వార్నీషు పెట్టెడివారు; ఇందుకు వారములు పట్టెడిది. అట్టి బండిని సేవకులు దినదినము తుడిచినను రుద్దినను కొంత చెల్లెడిది. ఆనాటి వాడుకయే "రుద్దినకొలది మెఱుగు" అను నమ్మకముగా నేటికిని మిగిలినది.

ఇక డబ్బాల సంగతి. పేరును చూచి మోసపోరాదు. పైనున్న వివరము చదువవలయును. కాంపౌండు, కట్, స్క్రాచ్ రిమూవర్ అను మాట లున్నచో అందులో ఇటుకపొడివంటి గఱుకుపదార్థ మున్నదని యర్థము. పెక్కింట నది అల్యూమినియం ఆక్సైడు. కాంపౌండు ముతకది, పాలిషు సన్ననిది. క్లీనర్ వ్యాక్సు అనుదానిలో తోముటయు పూయుటయు రెండును గలిసియుండును; క్రొత్తబండికి అది యక్కరలేదు.

మైనములలో మిక్కిలి పేరుపొందినది కార్నౌబా. బ్రెజిల్ దేశపు ఈశాన్యభాగమున పెరుగు నొకవిధమగు తాటిజాతిచెట్టు ఆకులపై, అనావృష్టిలో తేమ పోకుండుటకై, ప్రకృతియే పూసిన మైన మది. ఆకులను కోసి యెండబెట్టి దులిపి తీయుదురు. తేనెమైనము 62, 64 డిగ్రీలకు కరగగా నిది 82 డిగ్రీలు దాటినగాని కరగదు. మన వేసవిలో నెండన నిలిచిన నల్లని బానెట్టుపై చేయి యానింపజాలము గదా. అందువలన ఈ గట్టిమైనమునకు విలువ. అయితే అచ్చపు కార్నౌబా ఱాయివలె గట్టిగా నుండి పూతకు లొంగదు. నూనెలును ద్రావకములును కలిపినగాని అది ముద్ద గాదు. "నూటికి నూరుపాళ్లు కార్నౌబా" అని డబ్బాపై నున్నచో, లోని మైనము కార్నౌబా యని యర్థముగాని డబ్బా యంతయు కార్నౌబా యని గాదు. ఆ మాటకై రెట్టింపు వెల యీయనక్కరలేదు.

మైనపుపూత కొన్ని వారములు, మహా యైన రెండుమూడు నెలలు నిలుచును. సీలెంటు అను కృత్రిమపు పూత అంతకన్న నెక్కువకాలము నిలుచును, పూయుటయు సులువు. వాననీరు చేరెడి నగరములలో బండి నడుపువారికి మేము దానినే చెప్పుదుము. సిరామిక్ అని యమ్ము చిమ్ముడుసీసాలకును నిపుణులు వేయు సిరామిక్ పూతకును పేరే సమానము, మన్నిక గాదు.

కొబ్బరినూనె, కిరసనాయిలు, పండ్లపొడి వంటి గృహచికిత్సల నొక్కమాటతో ముగించెదము: మొదటిది దుమ్మును పట్టుకొనును, రెండవది ఉన్న మైనమును తీసికొనిపోవును, మూడవది తోముటయే.

ఏ డబ్బా కొన్నను, పూతకన్న ముఖ్యమగునది కడుగుట. ఇచ్చట కొంచెము నిలువవలసియున్నది. మన నగరము నల్లఱాతి, ఎఱ్ఱఱాతి గుట్టలమీద వెలసినది. ఇక్కడి దుమ్ములో ఱాతిరజను మెండు. అపార్టుమెంట్లలో తెల్లవారకముందే ఒక బకెట్టుతో పదిబండ్లను తుడుచు పద్ధతి మీ రెరుగుదురు. మొదటిబండి యిసుక పదవబండికి చేరును. పొడిగుడ్డతో దులుపుట అంతకన్న హానికరము. ఎండలో బండిని ప్రక్కగా చూచిన సాలెగూటివలె కనబడు సన్నగీతలు వేగముగా నడుపుటవలన వచ్చినవి గావు; తుడుచుటవలన వచ్చినవి. తుడుచు మనిషి నిందుకు తిట్టవలదు. అతనికి రెండవ బకెట్టును నాలుగు మంచిగుడ్డలను ఇచ్చినవా రెవ్వరు?

మొదట నీరు ధారగా పోసి దుమ్ము జార్చవలయును. ఒక బకెట్టులో కారుషాంపూ నీరు, మరొకదానిలో మంచినీరు. గుడ్డను మంచినీట జాడించి, పిండి, పిదప షాంపూ నీట ముంచవలెను. పైనుండి క్రిందికి కడుగవలెను; చక్రముల గుడ్డ వేరు. గిన్నెలసబ్బు జిడ్డును తీయునట్లే మైనమునుగూడ తీయును గాన వాడరాదు. బోరునీరు బండిపై నారినచో తెల్లని సున్నపుచుక్కలు కట్టును; వెంటనే తుడిచి యార్పవలయును. ఇందుకు మైక్రోఫైబరు గుడ్డలే మేలు. పాతచీర నూలుముక్క మెత్తనిదే, కాని అంచును కుట్టును జరీపోగును గీతలు వేయును.

కడిగి ఆర్చిన పిదప పలుచని ప్లాస్టిక్కు సంచి చేతికి తొడిగి బానెట్టుపై నిమిరి చూడుడు. బియ్యములో మెరిక తగిలినట్లు గఱుకుగా తోచినచో, తారుచుక్కలో లోహపురజనో అంటియున్నదని తెలియును. దానిని తీయుటకు క్లే యను మెత్తనిముద్ద అమ్ముదురు. జారుడునీరు చల్లుచు దానితో తేలికగా నొత్తక తుడువవలెను. నేల బడిన ముద్దను మరల వాడరాదు.

పూత వేయు సమయము ఉదయము, స్థలము నీడ, చేయి పెట్టిన రేకు చల్లగా నుండవలెను. వేడిరేకుపై మైనము గడ్డకట్టి తుడుపునకు రాదు. స్పాంజి ముక్కపై కొంచెమే తీసికొని, ఒకమారు ఒక తలుపు చొప్పున, ముఖమునకు పౌడరు అద్దినంత పలుచగా పూసి, వ్రేలితో గీచినచో మసక తొలగి నిగనిగ కనబడువరకు ఆరనిచ్చి, మెత్తని గుడ్డతో తీయవలెను. దళసరిగా పూసినందున మేలు లేదు. గుడ్డకు చేరునది డబ్బు. నల్లని ప్లాస్టిక్కు అంచులకు తగిలినచో తెల్లబారును, అద్దమునకు తగిలినచో వానలో జిడ్డుగా మసకబారును. మెఱుపులేని మ్యాటురంగు బండికి ఇవేవియు వలదు. క్రొత్తగా రంగు వేయించిన భాగమున్నచో ఎన్నాళ్లు ఆగవలెనో రంగువానినే యడుగుడు. తడి పూర్తిగా వెడలక మైనము పూయరాదు. మరల నెప్పుడు పూయవలెనన్నచో నీరు పోసి చూడుడు. తామరాకుపై వలె ముత్యములుగా నిలిచినంతకాలము పూత యున్నట్లే.

ఇంటిలో పిల్లలున్న తల్లు లిది మరువరాదు. ఈ డబ్బాలలో పెక్కింట కిరసనాయిలు జాతి ద్రావకము లుండును. పొయ్యియున్న వంటయింటి అలమరలో పెట్టరాదు. ఖాళీ నీళ్లసీసాలలో పోయరాదు. పసిబిడ్డ త్రాగినచో వాంతి చేయింపనే కూడదు. ఆ ద్రవము ఊపిరితిత్తులలోనికి బోవుట కడుపులో నుండుటకన్న అపాయము. డబ్బాతోసహా వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇక మన సోదరి బానెట్టు. మేము వారికి వ్రాసిన దిది: మసకపై నీరు చల్లుడు. తడిసినప్పుడు గీతలు మాయమై, గోరు ఆనించి లాగినను పట్టువడనిచో గాయము పైపొరలోనే యున్నది. అప్పుడు బఠాణీగింజంత సన్నపాలిషు స్పాంజిపై తీసికొని, ముందు ఒక మూల రెండంగుళముల మేర, తేలికచేతితో రుద్ది, తుడిచి, వెలుతురున చూడుడు. గుణము కనబడినచో మిగిలిన మసకకును అట్లే చేసి, రెండుమూడు మార్లతో నిలిపివేసి, పైన వ్యాక్సు పూయుడు. గుడ్డకు బండిరంగు అంటినచో ఆ క్షణమే యాపుడు. అచ్చట పైపొర లేదన్నమాట. గోరు పట్టువడినను, అడుగున తెల్లపూత కనబడినను, రెండు డబ్బాలును మూతపెట్టి రంగువానికి చూపుడు. ఇకమీదట రెట్ట పడినచో తడిగుడ్డను దానిపై పదినిమిషములు పఱచియుంచిన మెత్తబడి యెత్తివచ్చును.

మొన్న వారియొద్దనుండి జాబు వచ్చినది. మసక చాలవరకు తగ్గినదట, రెండు గీతలు గోటికి తగులుచున్నవి గాన వాటి జోలికి పోలేదట. కుమారునికి చెప్పుటయా మానుటయా యని యడిగిరి. ఆ విషయమున మా పుటకు పరిజ్ఞానము లేదు. అయితే అతడు బండిని వేపచెట్టు క్రిందనుండి మార్చునట్లు చేయుటకైనను చెప్పుట మంచిదని మా యింటివారి యభిప్రాయము.